బావ నేర్పిన ఆపోజిట్లు

మా బావ పోయాడని మొన్న మంగళవారం పొద్దున్న మేనల్లుడు ఫోన్ చేశాడు. బావంటే మా అక్క భర్త. పోర్టులో సరుకెత్తే గ్యాంగుకి మేస్త్రీగా చేశాడు. మధురవాడలో వాళ్ల ఫ్లాటుకి వెళ్లేసరికి చాలామంది ఉన్నారు. "ఆయన గురించి రెండు ముక్కలు చెప్పండి" అని నన్నే అడిగారు. రాసిస్తానని చెప్పి వచ్చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఊళ్లో ఐదో తరగతి చదివి బావ వెనకాలే విశాఖపట్నం వచ్చినవాణ్ణి. నలుగురిలో మాట్లాడటం మొదట్నుంచీ రాదు. ఓడ క్రేను మీద బెంగాలీ ఆయన ఉండేవాడు. కింద సరుకు పేర్చే హోల్డులో ఒడిశా వాళ్లూ, మేమూ. అందరికీ కలిసే భాష నాలుగు ఇంగ్లీషు మాటలే. వాటిని బావ జతలుగా నేర్పేవాడు.

"ఎత్తమనడం ఒచ్చి దించమనడం రాకపోతే సరుకు గాల్లోనే ఉండిపోద్దిరా" అనేవాడు.

హోల్డు మూత తీసి పక్కన పెట్టేవారు. టీ వేళ దాని మీద సుద్దతో ఒక మాట తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన ఖాళీ వదిలేవాడు. 'వెట్' పక్కన ఎవరో 'డ్రై' రాశారు. 'వర్క్' పక్కన ఇంకెవడో 'టీ' అని రాశాడు. బావ నవ్వాడు గానీ తుడవలేదు. తనకీ రానివి ఉండేవి. 'స్లాక్' దగ్గర ఆగిపోయి, తాడు పట్టుకుని ఓడ ఆఫీసరు దగ్గరికే వెళ్లాడు. వదులుగా పట్టుకుని "స్లాక్" అన్నాడు. బిగలాగి కనుబొమ్మలెగరేశాడు. ఆయన "టైట్" అనగానే పరుగున వచ్చి రాసేశాడు.

నేను సుద్దతో అన్నీ రాసేవాణ్ణి. పైకి మాత్రం అనేవాణ్ణి కాదు. హోల్డు అంచున నిలబడి క్రేనుకి చెప్పే పని ఖాళీ అయితే బావ నన్ను పెట్టాడు. అది తప్పితే నాకు మిగిలేది బస్తాల మోతే. అప్పటికే నడుం పట్టేసింది.

"నా వల్ల కాదు బావా. ఇంకొకడికి ఇచ్చీ."

"ఏటి కాదు? మీ అక్క మీద అరిసినప్పుడు ఒస్తాది కదా గొంతు?"

"నానెప్పుడరిసేను?"

"అదే మరి. ఎవలో ఒకల మీద నేర్సుకోవాల. ఇయ్యాల నా మీద అరిసీ."

తనే నిచ్చెన దిగి హోల్డులో ఓ వార నిలబడ్డాడు.

బియ్యం బస్తాల వల గట్టు మీంచి పైకొచ్చి హోల్డు మీద ఊగుతోంది. దించమని "లోయర్" అన్నాను. నాకే వినపడలేదు. కింద అందరూ మొహాలెత్తి చూస్తున్నారు.

"వినబడ్నేదురా బామ్మర్దీ!"

అరిచాను. అంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు. వల నెమ్మదిగా దిగి కింద ఆనింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ అంచునే నిలబడి బతికాను.

ఆ రోజు బస్తాలన్నీ పేర్చేశాక బావ పైకెక్కి వచ్చాడు. కనుబొమ్మల దాకా బియ్యప్పిండి. నా పక్కన కూర్చుని, "ఇంకోపాలి అను" అన్నాడు. సముద్రం వైపు తిరిగి, పని లేకపోయినా, గట్టిగా అన్నాను. క్రేను మీద బెంగాలీ ఆయన కంగారుపడి వట్టి కొక్కేన్ని గడగడా దించేశాడు. బావ కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతుంటే ఆ తెల్లటి పిండి ఎండలో రాలుతూనే ఉంది.