నల్లా వస్తలేదని యాడ రాసినవ్?

విదేశీ కాలేజీలో నా సీటు ఖాయమైనట్టే, ఒక్క షరతు తప్ప. ఇంగ్లీషు పరీక్షలో రైటింగ్‌కి ఆరున్నర రావాలి. నాకు రెండుసార్లూ ఐదున్నరే వచ్చింది. ఇంకొక్క పరీక్షకు సరిపడా గడువు మిగిలింది.

అందరిలాగే దిల్‌సుఖ్‌నగర్‌లో, మిఠాయి దుకాణం పైన కోచింగ్‌లో చేరాను. సారు గుంటూరు వైపు మనిషి, మర్యాదస్థుడు. ఆయన పద్ధతిలో రాయడమనే శ్రమ ఉండదు. నలభై వాక్యాలు బట్టీ పట్టి, ఖాళీల్లో ఏ అంశం వస్తే అది కూర్చాలి. "నేటి ఆధునిక యుగంలో ఫలానాది కీలక పాత్ర పోషిస్తున్నది" మొదటిది. "ప్రతి నాణేనికీ రెండు వైపులుంటాయి" రెండోది. ఉదాహరణగా ఒక మేనత్త వస్తుంది. అవసరాన్ని బట్టి ఆవిడ డాక్టరు, రైతు, పర్యావరణవేత్త. ముప్పైమందికీ ఆవిడే.

"దిద్దేవాళ్లకి అనుమానం రాదా సార్?" అన్నాను.

"మన కుటుంబాలు పెద్దవనుకుంటారులెండి," అన్నారు.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జరుగుతున్న రోజులు. ఒక సాయంత్రం కింద ఉద్యమంవాళ్లు నిరసనగా రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బస్సులన్నీ ఆగిపోయాయి. పైన మేం 'నగరాల్లో ట్రాఫిక్' మీద వ్యాసం రాస్తున్నాం. కిటికీవైపు చూసింది నేనొక్కడినే, అదీ పులిహోర వాసనకి. కారణం వాహనాలు పెరగడమేనని అందరం ఏకగ్రీవంగా రాశాం.

మర్నాడు బంద్, కోచింగ్ లేదు. సరూర్‌నగర్‌లో మా ఇంటి ఓనరు, చెరువు పక్క పాత ఊరి మనిషి, పై వాటాలో నా గదికొచ్చాడు.

"తమ్మీ, ఎనిమిది దినాలైంది నల్లా రాక. నీళ్ల ఆఫీసుల తెలుగుల రాసిస్తే పక్కకు పడేస్తున్నరు. జర ఇంగ్లీషుల గట్టిగ రాయి."

పది నిమిషాల్లో పేజీ నింపాను. తెలుగులో చెప్పమన్నాడు.

"నేటి ఆధునిక యుగంలో నీరు కీలక పాత్ర పోషిస్తున్నది..."

"అవు."

"ప్రతి నాణేనికీ రెండు వైపులుంటాయి..."

"నాణెమెందుకొచ్చింది నడుమ?"

"వస్తది కాకా. మా మేనత్త ఇంజనీరు..."

"ఆమెకు గూడ నీళ్లొస్తలేవా?"

చివరిదాకా విన్నాడు. "అంత మంచిగనే ఉంది గని, నల్లా వస్తలేదని యాడ రాసినవ్?"

ఎక్కడా రాయలేదు.

కాగితం చించాను. ఆయన చెప్తుంటే మళ్లీ రాశాను: ఎనిమిది రోజులు, ఆరిళ్లు, చెరువు పక్క బోరునుంచి బిందెలు మోస్తున్న ముసలమ్మ. ఐదు వాక్యాలు.

"గింతేనా? ఇది ఇంగ్లీషేనా?" అన్నాడు అనుమానంగా.

ఆ ఉత్తరం తీసుకోవడానికి నీళ్ల ఆఫీసులో మనిషి లేడు, ఉద్యమం కోసం సమ్మె. "సమ్మె మనదే, ఏమంటం," అని ఓనరు తిరిగొచ్చాడు.

ఆ వారమే నా పరీక్ష. 'ముసలివాళ్లని ఎవరు చూసుకోవాలి' అని అడిగారు. యుగాన్నీ నాణేన్నీ వదిలేసి, ముసలమ్మా బిందే రాశాను. ఎవరు మోయాలో, ఎందుకో చెప్పి ఆపేశాను. మేనత్తని ఇబ్బంది పెట్టలేదు.

ఆరున్నర వచ్చింది. కోచింగ్‌వాళ్లు నా ఫోటోతో ఎల్బీనగర్ చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు, 'మా పద్ధతికి మరో విజయం' అని. సారు ఫోన్ చేసి, "చూశారా, నాణెం పని చేసింది," అన్నారు. సీటొచ్చిన సంతోషంలో నేనూ కాదనలేదు.

ఓనరు మాత్రం ఫ్లెక్సీ కింద బండి ఆపి తీరిగ్గా చూశాడు.

"నీ ఒక్కనిదే పెట్టిన్రేంది? మీ మేనత్తది యాడ?"