ఇంట్లో రికార్డు చేసిన పాటల కోసం బోగోలు తీరానికి

పోయిన ఏడాది మా అక్క నెల్లూరులో ఆసుపత్రి మంచం మీద చివరి రెండు నెలలూ ఒకే ఆల్బం విన్నది. పక్క మంచం ఆమె మెమరీ కార్డులో ఇచ్చిన ఏసు పాటలవి. ఒక గిటారు, ఒక డప్పు, ఇద్దరి గొంతులు. మధ్యలో కోళ్ల అరుపులు కూడా ఉంటాయి. మేం క్రైస్తవులం కాము. అయినా అవి వింటే తప్ప అక్కకు నిద్ర పట్టేది కాదు. పాడినవాళ్లకు ఆ సంగతి చెప్పి రావాలని, పక్క మంచం ఆమె చెప్పిన గుర్తులతో బయలుదేరాను.

ఉదయం ఏడింటికి నెల్లూరులో కావలి బస్సెక్కి, గంటలో బోగోలు దగ్గర దిగాను. అక్కడి నుంచి సముద్రపు ఒడ్డు పల్లెకు షేర్ ఆటోలో నలభై రూపాయలు. పాటలవాళ్ల ఇంటికి అనగానే డ్రైవర్ కరీముల్లా వెనక్కి తిరిగాడు.

"వాళ్లిప్పుడు పాడటంలేదన్నా. డప్పు కొట్టే ప్రకాశం సముద్రంలో పోయినాడు గదా."

తిరిగి వెళ్లిపోదామా అనుకునేలోపే ఇల్లు వచ్చేసింది. ప్రకాశం భార్య మార్తమ్మ, గిటారు వాయించే ఆమె తమ్ముడు దేవదానం లోపలికి పిలిచారు. పాటలు రికార్డు చేసిన ఫోను ప్రకాశంతోపాటే నీళ్లలో పోయిందట. కార్డులన్నీ అంతకుముందే ఆసుపత్రుల్లో పంచేశారు.

"ఆయన గొంతు విని పది నెలలైందన్నా. మా కాడ ఒక్క కార్డు కూడా మిగల్లా," అంది మార్తమ్మ.

నా ఫోన్లో ఉన్నాయని చెప్పి పెట్టాను. నాలుగు పాటలు కదలకుండా విన్నది. అయిదో పాటకు ముందు ప్రకాశం గొంతు వినిపించింది: "మార్తా, గిన్నెలు తర్వాత తోముదువుగానీ, రా."

"ఆపన్నా. ఆ మాట మళ్లీ పెట్టు."

ఏడెనిమిదిసార్లు పెట్టించుకుంది. పాట దాకా పోనివ్వలేదు. దేవదానం లేచి బయటికి వెళ్లిపోయాడు.

"ఆసుపత్రి మంచం మీద మా అక్క ఆ మాటకే నవ్వేది," అన్నాను.

"ఏం పేరు మీ అక్కది?"

"సుగుణ."

"అంత నొప్పిలో నవ్వినాదా?" అంటూ కొంగులో మొహం దాచుకుంది. అక్క పోయినప్పుడు పనుల్లో పడి నేను ఏడవలేదు. ఆ రోజు ముక్కూ మొహం తెలియని వాళ్లింట్లో ఏడ్చాను.

చేపల పులుసుతో అన్నం పెట్టింది. మళ్లీ పాడతారా అని అడిగాను.

"తెలీదన్నా. డప్పు లేకుండా పాట యాడ ఎత్తుకోవాల్నో తెలవడంలా."

మూడింటి ఆటోలో వెనక్కి వచ్చాను. థ్యాంక్స్ చెప్పడానికి వెళ్లి, ఆ మాట చెప్పకుండానే వచ్చానని బస్సులో గుర్తొచ్చింది. అక్క గొంతు నా దగ్గర ఎక్కడైనా ఉందా అని నెల్లూరు వచ్చేదాకా ఫోన్లో వెతికాను. లేదు.

మీరు వెళ్తే ఖాళీ మెమరీ కార్డు ఒకటి తీసుకెళ్లండి. పాటలన్నీ ఇప్పుడు దేవదానం ఫోన్లో ఉన్నాయి. అడిగితే ఎక్కించి ఇస్తాడు.