కారణం గడి

శేషారత్నం బల్ల మీదికి వచ్చిన ఏ చేంజ్ రిక్వెస్టూ ఎర్ర సిరా తగలకుండా వెనక్కి వెళ్లదు. సూరత్‌లోని ఒక నిర్మాణ ప్రాజెక్టు ఆఫీసులో పనిలో ఏ మార్పుకైనా ఆమె సంతకం పడాలి. కళ్లజోడు ముక్కు కొసకు జార్చి ముందు ‘కారణం’ గడి చదువుతుంది. అక్కడ ‘అర్జెంట్’ అని ఉంటే కొట్టేస్తుంది. “అందరికీ అర్జెంటేనయ్యా, కారణం రాయండి,” అంటుంది. కరోనా రెండో ఏడాది, ఆ ఊళ్లోనే ఆల్థాన్ అనే పేటలో ఒక ఫంక్షన్ హాలును కోవిడ్ వార్డుగా మార్చే పనిలోనూ ఆ అలవాటు పోలేదు. ఆక్సిజన్ పైపును మరో ఎనిమిది పడకలకు పొడిగించాలని సైటు సూపర్‌వైజరు నరసింహులు కాగితం పంపాడు. కారణం గడిలో ఒకటే మాట, అర్జెంట్. ఆమె కొట్టేసి తిప్పి పంపింది.

“జర సంతకం పెట్టుండ్రి మేడం. పైపు లేని ఆ ఎనిమిది పడకలు గూడ నిండినయి. కారణం తర్వాత రాసిస్త,” అని అతను ఫోన్‌లో బతిమాలాడు.

“నోటిమాట ఫైలులో నిలవదు. రాసి పంపించు,” అంది.

మర్నాడు అదే కాగితం మళ్లీ వచ్చింది. కారణం గడి నిండా వంకర అక్షరాలు, ముగ్గురి పేర్లు, ఒక్కో పేరు పక్కన పడక నంబరు, ప్రాణం పోయిన టైము. శేషారత్నం ఎర్ర పెన్ను మూత తీసి, రెండుసార్లు చదివింది. కొట్టేయడానికి ఒక్క మాటా దొరకలేదు. సంతకం పెట్టింది.