మావయ్య ఏరి తెచ్చిన మీట తుపాకి

మావయ్య పోయాడని కబురు తెచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, ఎవరు చెప్పారు, నువ్వు కళ్లారా చూశావా, తోట ఆసుపత్రి డ్రెస్సరు నాడి పట్టి చూశాడా అని అడిగాను. పాపం, బిక్కచచ్చిపోయాడు. చావుకబురు వింటే ఏడవాలి గానీ వాకబు చేస్తారా అని మా పక్కింటావిడ తర్వాత నలుగురిలో అందట. అననీ. ఆ వాకబు గుణం నాకు అబ్బిందే మావయ్య దగ్గర. సుంగై పెటాని ఊరి అవతల ఆయన ఉండే తోటకి బండి కట్టించుకుని వెళ్లి, చాప మీద పడుకోబెట్టిన మనిషి నుదుటి మీద చెయ్యి వేసి చూశాక గానీ నమ్మలేదు. అప్పుడు ఏడ్చాను.

ఆయన మా అమ్మకి తమ్ముడు. ఆ రబ్బరు తోట ఆఫీసులో కిరాణి, అంటే గుమాస్తా. నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ చలవే. పెళ్లి చేసుకోలేదు. సంబంధాలు రాక కాదు, వచ్చిన ప్రతిదాంట్లోనూ ఏదో మతలబు ఉందని ఆయన అనుమానం. "ఇంత మంచి పిల్లని ఇన్నాళ్లు ఎందుకుంచినారు?" అని అడిగితే ఏ ఆడపిల్ల తండ్రి మళ్లీ గడప తొక్కుతాడు? కొట్లో కొబ్బరినూనె కొంటే వేలి మీద బొట్టు వేసుకుని వాసన చూసేవాడు. కాఫీ ఇస్తే వెలుతురుకి ఎత్తి గ్లాసు అడుగు చూసేవాడు. చివరి జ్వరంలో కూడా డ్రెస్సరు మందు కలిపి తెస్తే, "ముందు నువ్వొక గుక్క తాగు" అన్నాడట. డ్రెస్సరు తాగాకే తాను తాగాడు.

"నమ్మొద్దని కాదే గుంటా, సూసి నమ్ము" అనేవాడు నాతో.

ఈ భూమ్మీద ఆయన అనుమానించని మనిషి ఒక్క మా అమ్మే. "అప్పా" అని పిలిచేవాడు, మా శ్రీకాకుళం వైపు అక్కని అలాగే అంటాం. కన్నవాళ్లు ఈ మలాయి దేశంలో ఓడ దిగిన కొన్నాళ్లకే జ్వరాలతో పోతే, చంకనేసుకుని పెంచింది అమ్మే. ఆవిడ ఏం పెట్టినా అడుగు చూడకుండా తినేసేవాడు.

ఇక తుపాకి సంగతి. ఒక ఏడు వానలు వెనకపట్టాక తోట అంచుకి పులి వచ్చింది. మలాయివాళ్లు దాన్ని పేరు పెట్టి పిలవరు, తాత అంటారు. ఆ తాత ముందు మేకల్ని ఎత్తుకెళ్లాడు, తర్వాత చెట్లు గీసే ఒక తమిళ మనిషిని. మా అమ్మ గీసే చెట్ల వరస సరిగ్గా ఆ అడవి అంచునే. రబ్బరు పాలు చల్లపూటే బాగా దిగుతాయి, ఎండెక్కితే గీత మీదే గడ్డకడతాయి. అంచేత మసకవెలుతురులోనే వెళ్లాలి, వెళ్లనంటే కూలి లేదు. అమ్మ వెళ్తూనే ఉంది. మావయ్యకి ముద్ద దిగడం మానేసింది.

తోట దొర కాల్చి చూశాడు, గురి తప్పింది. మావయ్యకి అడవిపందుల్ని కొట్టిన అనుభవం ఉంది కనక, లైసెన్సు ఇప్పిస్తాను, పెనాంగు వెళ్లి నాలాగే బోల్టు తుపాకి కొనుక్కో అన్నాడు.

"ఆ తుపాకితోనే కదా ఆయన తప్పినాడు. మరి నాకెందుకు సెప్తున్నాడు?" అన్నాడు మావయ్య బయటికొచ్చి.

అసలు కారణం వేరే ఉంది. మావయ్యది ఎడమచేతి వాటం. తిట్టి కొట్టి అన్నం కుడిచేత్తో తినిపించారు, కలం కుడిచేత్తో పట్టించారు. తుపాకి మాత్రం ఎడమ భుజానికే ఎక్కేది. గుండు ఎక్కించే బోల్టు పిడి కుడివైపున ఉంటుంది, ఎడమచేతివాడు గుండు గుండుకీ దాన్ని అందుకోవడానికి తంటాలు పడాలి. మీట తుపాకికి ఆ బెడద లేదు. ట్రిగ్గరు చుట్టూ ఉన్న ఇనుప కడియమే మీట. దాన్ని కిందికి తోసి పైకి లాగితే కాలిన గుండు డొల్ల ఎగిరిపోయి కొత్తది ఎక్కుతుంది, ఏ చెయ్యైనా ఒకటే.

నాకు అప్పటికే పెళ్లయి పిల్లలు. బట్టలు కొనాలన్న వంకతో ఆయన వెంట బయల్దేరాను. సుంగై పెటానిలో రైలెక్కి, ప్రైలో దిగి, పడవలో సముద్రం దాటి పెనాంగు చేరాం. తుపాకుల కొట్టు ఒక ముసలి చీనా ఆయనది. మలాయి భాషలో మర్యాదగా మాట్లాడాడు. అదే మావయ్యకి మొదటి అనుమానం.

మొదట తేలికపాటి మీట తుపాకి తీశాడు. గుండు బయటికొచ్చే బారు కింద ఇంకో గొట్టం, అందులో గుండ్లు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. మొన తేలిన గుండు పెడితే, అది ముందుదాని వెనకభాగానికి గుచ్చుకుని గొట్టంలోనే పేలే ప్రమాదం ఉంది, అందుకని మొద్దుమొన గుండ్లే వాడాలని చెప్పాడు.

"పొరపాటున మొన గుండ్లు అమ్మితే?" అన్నాడు మావయ్య.

"నేను అమ్మను."

"నువ్వమ్మవు. నీ కొడుకో?"

ముసలాయన దాన్ని లోపల పెట్టేశాడు. జింకకైతే అది చాలు, పులికి చాలదని మావయ్య నాతో తెలుగులో గొణిగాడు. రెండోది పాతదే గానీ పైకి అద్దంలా మెరుస్తోంది. ఇది ఎవరిది, ఎందుకమ్మాడు అని మొదలెట్టాడు. ఎవరో తోట దొర దేశం వెళ్లిపోతూ అమ్మేశాడన్నాడు ముసలాయన. ఏ దేశం అంటే తెలియదన్నాడు. మావయ్య బారు వెనక బొటనవేలి గోరు పెట్టి, గోరు మీద పడ్డ వెలుతురులో ముందునుంచి లోపలికి చూశాడు. లోపలంతా తుప్పు తిన్న గుంటలు. "ముసిలిదానికి కొత్తగా సోకు సేసినాడే గుంటా" అన్నాడు. నాకు నవ్వాగలేదు.

మూడోది ఎత్తితే చెయ్యి జారేంత బరువు. దీనికి గొట్టం లేదు, పొట్ట కింద పెట్టె ఉంది, లావుపాటి గుండ్లు అందులో ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. మొన గుచ్చుకునే భయం లేదు. మావయ్య వాసన చూశాడు, గోరు పెట్టి చూశాడు, ముసలాయన టీ చల్లారిపోయేదాకా ఉత్త మీటే ఆడించాడు. ఎక్కడా పట్టెయ్యలేదు. దాంతో ఇంకా అనుమానం వచ్చింది.

"దీనికేటి రోగం?" అని సూటిగా అడిగాడు.

"బరువు. పైగా భుజం మీద గాడిదలా తంతుంది," అన్నాడు ముసలాయన విసుక్కుంటూ.

"ఆఁ, ఇప్పుడు సెప్పినాడు నిజం!" అని మావయ్య అదే తీసుకున్నాడు.

అమ్మా ఆయనా ఉండే ఇంటికి తెచ్చాక ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తుడిచే గుడ్డ కూడా తలగడ కింద పెట్టుకునేవాడు. దొర చూస్తానన్నా చేతికివ్వకుండా తానే పట్టుకుని చూపించాడట.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకి మా వాళ్లు గీత కత్తులు, బకెట్లు, కత్తిపీటలు అన్నీ కడిగి పసుపు కుంకుమ పెడతారు. నేను పండగకి అక్కడే ఉన్నాను. మర్నాడు పొద్దున్న మావయ్య అలవాటు ప్రకారం ఖాళీ తుపాకి మీట ఆడించాడు. సగం పైకొచ్చి ఆగిపోయింది.

ఆ మనిషి మొహం చూడాలి అప్పుడు! పెరట్లోకి వచ్చి, "ఎవులు ముట్టుకున్నారు?" అని ఒక్క అరుపు. ముందు నా వంక చూశాడు. తర్వాత పక్కింటివాళ్ల వంక. దొర మనుషులా, కొట్టువాడి మోసమా అని గొణుక్కుంటున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తలెత్తింది.

"నానేరా. కత్తికి పెట్టి తుపాకికి పెట్టకపోతే తల్లి ఊరుకుంతాదేటి? నువ్వు నోరు తెరిసి ఉంచినావు కదా, మంచిదే అని అచ్చింతలు కూడా ఏసినాను."

గుండు లేదని తెలియడానికి ఆయన మీట కిందికి దించి, గుండు ఎక్కే చోట తుపాకి నోరు తెరిచే ఉంచేవాడు. పైనుంచి గుప్పెడు పసుపు బియ్యం లోపల పడ్డాయి. లోకమంతటి నుంచీ తుపాకిని కాచుకున్న మనిషి అప్ప నుంచి కాచుకోలేదు.

మాటలు నోటిదాకా వచ్చాయి, నాకు కనిపించింది. మింగేశాడు. "బాగా సేసినావప్పా" అన్నాడు, అంతే. తర్వాత ఇంటి వెనక్కి వెళ్లి, తుపాకి విప్పుకుని, కొబ్బరి పుల్లతో ఒక్కొక్క గింజా తీశాడు. నేను చూస్తున్నది గమనించి, "అప్పకి సెప్పకే. బెంగెట్టుకుంతాది" అన్నాడు. నేను చెప్పలేదు.

ఆ వారంలోనే పులి అమ్మ వరసకే వచ్చింది. మావయ్య తుపాకితో అమ్మ వెనకే ఉన్నాడు. మొదటి దెబ్బ తగిలినా అది ఆగలేదట, అమ్మ మీదికే వచ్చింది. మీట కిందికీ పైకీ ఆడింది, రెండో దెబ్బకి పులి బకెట్ల పక్కన పడింది. అమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా, "నా అచ్చింతల మహిమే, అందుకే పేలినాది" అనేది. మావయ్య పక్కనే కూర్చుని "అవునప్పా" అనేవాడు. ప్రతి దసరాకీ తానే తుపాకి తెచ్చి ఆవిడ ముందు పెట్టేవాడు, నోరు తెరిచి మరీ. మర్నాడు పుల్ల తీసుకుని ఇంటి వెనక్కి వెళ్లేవాడు. అలాంటి మనిషిని పిచ్చి అనుమానస్తుడని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

పులి చచ్చినా కాపలా మానలేదు. "ఒకటున్నకాడ ఇంకోటి నేదని ఎవులు సూసినారు?" అని ఆఫీసు తెరిచేలోపు రోజూ అమ్మ వరస మొదట్లో తుపాకితో నిలబడేవాడు. తోటంతా నవ్వింది. అమ్మ కూడా కసిరేది. "ఎల్లు, ఎల్లు, ఎనకాల నానున్నాను" అనేవాడు.

ఆయన పోయాక తుపాకి పోలీసులు పట్టుకెళ్లారు. కర్మ అయిన మర్నాడు అమ్మ బకెట్లు తీసుకుని పనికి బయల్దేరింది. వద్దంటే వినలేదు, నేనూ వెంట వెళ్లాను. మొదటి చెట్టుకి గీత గీసి, వెనక్కి తిరిగి చూసింది.

"ఎనక ఎవులున్నారే?"

"నేనున్నానమ్మా," అన్నాను.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఎవర్నీ అనుమానించని మా అమ్మ నా మాట నమ్మలేదు. నన్ను దాటి, మావయ్య నిలబడే చోటునే చూస్తూ అలాగే నిలబడిపోయింది. చెట్టుకి పాలు పట్టే చిప్ప కట్టడం మరిచిపోయింది. తెల్లటి పాలు బెరడు మీదుగా దిగి మట్టిలోకి ఇంకిపోతున్నాయి.