ఉల్లిపొర, చెంప

ఉదయం ఆరూ ఇరవైకి నా భార్య ఉల్లిపాయ కోసి, లోపలి పొర ఒలిచి, చిన్న స్టీలు గిన్నెలో నీళ్లు పోసి అందులో వేసింది. ఏటా జూన్‌లో ఒక రోజు చేసే పనే. ఆమె నాచారంలో ఒక చిన్న బడిలో జీవశాస్త్రం చెప్పేది. మేం ఉప్పల్‌లో ఉండేవాళ్లం. పెళ్లయిన కొత్తలో ఆ గిన్నెలోది చెత్తనుకుని కడిగేశాను. "ఏవండీ, మొక్క కణాన్ని సింకులో పోశారు," అంది. అప్పటినుంచి దాని జోలికి పోలేదు.

మొక్క కణానికి ఉల్లిపొర చాలు. జంతు కణానికి చెంప లోపల పుల్లతో మెల్లగా గీకాలి. పిల్లలు సిగ్గుపడేవారు, కొందరికి అసహ్యం. అందుకని ఏటా తన చెంపే గీకేది. ఆ ఏడు కుదరలేదు. ఆమె నోట్లో పుండు క్యాన్సరని తేలింది. కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, అయిపోయి అప్పటికి రెండు నెలలు. బడివాళ్లు వేరే టీచరును చూసుకున్నారు. ఈ ఒక్క పాఠం తానే చెబుతానని అడిగింది. ఒప్పుకున్నారు.

"మీరూ రండి. మీ చెంప కావాలి," అంది నాతో.

గిన్నెకు మూత పెట్టుకుని స్కూటరు మీద వెళ్లాం. కిటికీ పక్కన బల్ల, దాని మీద అద్దంతో వెలుగు పట్టే పాత మైక్రోస్కోపు. పిల్లలు ముందు ఉల్లిపొర చూశారు. తర్వాత నేను చెంప గీకి గాజుపలక మీద రాశాను. ఆమె నీలిరంగు చుక్క వేసి, పైన పల్చటి గాజుబిళ్ల పెట్టింది.

ముందు వరసలోని అమ్మాయి కన్ను ఆనించింది.

"మేడం, నడుమ కేంద్రకం కనవడుతున్నది. సుట్టూ గీ సన్న సుక్కలేంది?"

"సూక్ష్మజీవులు. సార్ పళ్లు సరిగ్గా తోమలేదు."

ఆమె గొంతు ముందు వరస దాటలేదు. వాళ్లు నవ్వి వెనక్కి చెబితే వెనకవాళ్లూ నవ్వారు.

"జర జరుగే, నేను సూస్త," అంటూ ఇంకో అమ్మాయి తోసుకొచ్చింది. "మేడం, సార్ కణం మడత వడ్డది! ఉల్లిగడ్డదేమో సక్కగున్నది."

"ఉల్లి కణానికి పొర బయట గోడ కూడా ఉంది. మనకు పొర ఒక్కటే. గోడ ఉంటే నీ నోరు ఇంతలా ఆడేదా?"

బోర్డు మీద రెండు బొమ్మలు వేసింది. ఉల్లి కణం చుట్టూ రెండు గీతలు, చెంప కణం చుట్టూ ఒకటి. పరీక్షలో మార్కు పోయేది అక్కడే. అది చెప్పబోతే మాట రాలేదు. సుద్దముక్కతో ఉల్లి కణం బయటి గీతను మళ్లీ మళ్లీ దిద్దింది.

"రెండు గీతలు, మేడం," అన్నారు పిల్లలే.

తల ఊపింది. కాసేపటికి గంట కొట్టారు.

ఆమె మళ్లీ బడికి వెళ్లలేదు. తెలంగాణ రాష్ట్రం వచ్చేనాటికి ఆమె లేదు. కణాల గురించి తర్వాత కొంత చదివాను. గోడకూ పొరకూ ఆమె ఆ రోజు చెప్పినదానికంటే ఎక్కువ అర్థం నేను కల్పించను.

ఇప్పుడు మా ఇంట్లో ఉల్లిపొరను ఎవరూ నీళ్లలో వేసి ఉంచరు.