చప్పుడు లేని గుట్టు

మా హేల్‌క్లఫ్ నేతమిల్లులో మగ్గాల మోతకు పక్కన పిడుగు పడ్డా తెలిసేది కాదు. అందుకే మేం ఆడవాళ్లం గొంతుతో పని పెట్టుకోకుండా, పెదవులు పెద్దగా కదిపి షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు మాట్లాడుకునేవాళ్లం. అలవాటై, బయట కూడా గుట్టు మాట వస్తే చాలు, గొంతు ఆపేసేవాళ్లం. ఈ విద్యలో హెట్టీ క్రాబ్‌ట్రీని మించినవాళ్లు లేరు. మామూలు నోరూ తక్కువది కాదు లెండి. నా పక్క మగ్గం ఆమెదే, నాకు తెలియదా!

క్వారీలో మందు పేలి ఆమె తమ్ముడు సెత్‌కు చెవులు పోయాయి. ఊరి బ్యాండులో బాకా ఊదేవాడు కాస్తా బాకాను మంచం కిందికి తోసి, మాట కూడా మానేసి, ఇంట్లో కూలబడ్డాడు. పెళ్లీ పెటాకులూ లేని హెట్టీకి ఉన్నది వాడొక్కడే.

రోజూ మిల్లు నుంచి రాగానే మా పెదవుల మాట నేర్పడానికి వాడి ముందు కూర్చునేది. "చూడరా, ఇది రొట్టె. ఇది టీ. ఇది మొండిఘటం, అంటే నువ్వు." వాడు విసురుగా గోడవైపు తిరిగేవాడు. అక్కడ వాళ్లమ్మ నాటి అద్దం ఒకటి తప్ప చూడటానికి ఏమీ లేదు.

"గోడకి చెప్పినా ఈపాటికి నేర్చుకునేదే," అన్నాను.

"గోడ నా తమ్ముడు కాదుగా డోరా," అంది.

వేసవిలో మిల్లు మూసి ఊరంతా సముద్రానికి రైలెక్కే వారం వచ్చింది. ముందురోజు నేను వాళ్లింటికి వెళ్లేసరికి సెత్ చేపా చిప్సూ తింటున్నాడు.

"నువ్వైనా రావే," అన్నాను.

హెట్టీ వాడివైపు చూసి, గుట్టు మాట కదా, గొంతు ఆపేసి పెదవులతో అంది: "వీణ్ని వదిలి ఎలా రానే? వీడిక ఈ జన్మలో నాతో మాట్లాడడేమోనని భయంగా ఉంది."

నేనూ పెదవులతోనే, "ఆ బాకా అమ్మిపారెయ్. రోషం వచ్చైనా నోరు తెరుస్తాడు," అన్నాను.

"ఎవరు కొంటారే! పిల్లి తోక తొక్కినట్టు ఊదేవాడు."

ఫోర్కు పళ్లెంలో ఠంగుమంది.

"పిల్లి తోకా?" అన్నాడు సెత్. నెలల తరబడి వాడని గొంతు బొంగురుగా వచ్చింది.

చెవిటివాడి దగ్గర చప్పుడు చేయకుండా గుట్టు దాచిన ఘనులం మేము!

హెట్టీ ఏడ్చేసింది. "ఎప్పుడు నేర్చుకున్నావురా? మొహమే చూసేవాడివి కాదుగా!"

"అద్దంలో కనిపిస్తావుగా అక్కా. ఏడవకు. రైలెన్నింటికి?"

మర్నాడు హెట్టీ ఒళ్లో బాకా ఉంది. రైల్లో మిల్లు ఆడవాళ్లందరూ పోటీపడి సెత్‌తో గుట్టుగా పెదవులు కదిపారు. వాడు ఒక్కొక్కరికీ గొంతెత్తి జవాబు చెప్పాడు. సముద్రం చేరేలోగా మా ఊళ్లో ఒక్క గుట్టూ మిగల్లేదు.