మేడమ్ సున్నా చుట్టిన మాట

ఈ సాయంత్రం మా క్వార్టర్స్ వెనక వీధిలో, పీర్ల చావిడి ముందు ఊదు వేసినట్టున్నారు. ఆ పొగ కిటికీలోంచి వచ్చి, నేను దిద్దుతున్న విద్యార్థుల కాగితాల మీద కమ్ముకుంది. ఆ వాసన తగిలితే చాలు, షంషాద్ మేడమ్ ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. ఆవిడ నా పరిశోధనకు గైడు. సొంతూరు సీమలోని యాడికి అనే ఊరు. ఇంట్లోనైనా, క్లాసులోనైనా, వైస్ చాన్సలర్ ముందైనా ఒకటే సీమ తెలుగు. ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనన్న బెంగ ఆవిడకు ఎన్నడూ లేదు.

పీర్ల పండుగ గురించి జిల్లా పత్రికలు ఎలా రాస్తాయన్నది నా అంశం. కంబదూరు దగ్గర ఒక పల్లెను తీసుకున్నాను. గోరంట్లలో బట్టల అంగడి నడిపే మా నాయన, కొడుకు లెక్చరర్ అవుతాడని అప్పటికే బజారంతా చెప్పుకున్నాడు. ఉద్యోగ ప్రకటన వచ్చింది. థీసిస్ ఇచ్చేస్తే దరఖాస్తు పెట్టుకోవచ్చు. చివరి అధ్యాయం పట్టుకుని ఉరుకుల పరుగుల మీద మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ తాపీగా చదివి, ఒకే ఒక్క మాటకు ఎర్రసిరాతో సున్నా చుట్టారు. ‘ఈ పండుగలో హిందువులు కూడా పాల్గొంటారు’ అని రాశాను నేను.

“ఈ ‘కూడా’ ఎవరిదప్పా? ఊళ్లో వాళ్లదా, పేపరోళ్లదా, నీదా?”

పత్రికలన్నీ అలాగే రాస్తాయన్నాను. ఊరికి పోయి అడిగి రమ్మన్నారు. గడువు దాటిపోతుందని బతిమాలినా కరగలేదు. లోపల తిట్టుకుంటూనే బస్సెక్కాను.

ఆ పల్లెలో పీరును ఎత్తుకునేది ఓబులేసు అనే రైతు. మీరు కూడా ఈ పండుగ చేస్తారా అని అడిగితే నన్ను ఎగాదిగా చూశాడు.

“మేము కూడా ఏంది సామీ? మా నాయన ఎత్తినాడు, నేను ఎత్తుతాండా. మా పండగ గురించి మమ్మల్నే ఇట్ల అడుగుతాండావే.”

ఇంటి మనిషిని గుమ్మం బయట నిలబెట్టానని అప్పుడు అర్థమైంది. తిరిగి వచ్చి పత్రికల కత్తిరింపులన్నీ మళ్లీ ముందేసుకున్నాను. ఎందులో చూసినా అదే మాట. అధ్యాయం మొత్తం తిరగరాశాను. ఈలోగా ఉద్యోగం చేజారింది, నాయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. రెండేళ్లకు మరో ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో నన్ను నిలబెట్టింది ఆ అధ్యాయమే. మేడమ్ మీద కోపం అప్పటికి పూర్తిగా పోయింది.

ఆవిడ రిటైరైన రోజు సభలో ఒక పెద్దమనిషి, ముస్లిం మహిళ అయి కూడా ఇంత ఎదిగారని పొగిడాడు. చప్పట్లు మోగాయి. మేడమ్ మొహంలో ఏ మార్పూ లేదు. తర్వాత నా వంతు. వేదికెక్కి, రాసుకొచ్చిన కాగితం విప్పాను. రెండో వాక్యం కంటపడింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తోచిన నాలుగు మాటలు చెప్పి దిగిపోయాను.

రాసుకొచ్చింది ఎందుకు చదవలేదని భోజనాల దగ్గర మేడమ్ అడిగారు. సిగ్గుపడుతూనే కాగితం చేతికిచ్చాను. ‘వెనకబడిన కుటుంబంలో పుట్టి కూడా’ అని ఉంది అందులో. ఆవిడ పకపకా నవ్వి, బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి సున్నా చుట్టారు.

“ఉద్యోగంలో చేరినప్పట్నుంచి ఇదే వింటాండా. దానికేంలేప్పా. ఈసారి నేను చెప్పకముందే పట్టుకుంటివి.”

ఆ కాగితం నా దగ్గరే ఉంది. పట్టుకోవడం నేర్చుకున్నాను. రాయకుండా ఉండటం ఇంకా రాలేదు.